ప్రోగ్రామ్ పోయినా ఫైలు మిగలాలి

ఏ కొత్త యాప్ గురించి ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది ఒకటే: ఇందులోంచి బయటికి రావాలంటే ఎలా? అది ఎంత అందంగా ఉంటుంది, ఎన్ని పనులు చేస్తుంది, ఎంత వేగంగా తెరుచుకుంటుంది అన్నవి తర్వాతి సంగతులు. రేపు నాకు ఆ యాప్ నచ్చకపోవచ్చు. దాన్ని నడిపే కంపెనీ మూతపడొచ్చు, లేదా ఇంకో కంపెనీ దాన్ని కొనేసి ఆపేయొచ్చు. అప్పుడు నేను అందులో రాసుకున్నవీ దాచుకున్నవీ నా చేతికి ఏ రూపంలో వస్తాయి? ఆ రూపాన్ని ఇంకో ప్రోగ్రామ్ చదవగలదా? వీటికి సూటిగా జవాబు దొరక్కపోతే నా పని దాంట్లో పెట్టను.

ఇది చాదస్తం అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు బాగా దగ్గరివాళ్లలో కూడా. అయినా కంప్యూటర్లతో కాలం గడిచేకొద్దీ ఈ పట్టుదల పెరిగిందే తప్ప తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ అంటే నాకు చాలా ఇష్టం. కొత్త ఎడిటర్ వచ్చిందంటే పని పక్కన పెట్టి మరీ చూస్తాను. ఎంత ఇష్టమున్నా, ప్రోగ్రామ్ కంటే దానితో మనం చేసుకున్నదే విలువైనదని నమ్ముతాను. ఉత్తరాలు, ఫోటోలు, ఇంటి లెక్కలు, పెద్దవాళ్ల గొంతు రికార్డింగులు, సగంలో ఆగిన కథలు, ఇవన్నీ ప్రోగ్రామ్ పోయాక కూడా ఉండాలి. అలా ఉండాలంటే అవి ఫైళ్లుగా ఉండాలి, ఆ ఫైళ్లు మన దగ్గర ఉండాలి, వాటి లోపలి అమరిక ఏమిటో లోకానికి తెలిసి ఉండాలి.

ఫైలు బాగా అలవాటైపోవడం వల్ల అదెంత మంచి ఆలోచనో మనకి తట్టదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు ఫైలును వీలైనంత సాదాగా ఉంచారు. వరసగా పేర్చిన బైట్లు, అంతే. అప్పటి పెద్ద యంత్రాల్లో ఫైలు తయారుచేయాలంటే ఒక్కో రికార్డు పొడవెంత, వాటిని ఏ పద్ధతిలో పేర్చాలి అన్నవి ముందే చెప్పుకోవాల్సి వచ్చేది. యునిక్స్‌లో ఆ తంటా లేదు. లోపల ఏముందో, దాన్ని ఏ ప్రోగ్రామ్ రాసిందో ఆపరేటింగ్ సిస్టమ్ పట్టించుకోదు. 1973లో అక్కడే పనిచేసే డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టి పైపులు పెట్టించాక, ఒక ప్రోగ్రామ్ ఇచ్చిన అక్షరాలు నేరుగా ఇంకో ప్రోగ్రామ్‌లోకి వెళ్లడం మొదలైంది. దాంతో ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, ఏళ్ల తేడాతో రాసిన ప్రోగ్రామ్‌లు కూడా కలిసి పనిచేశాయి. నేను రాసుకున్న జాబితాని ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రామ్ అక్షర క్రమంలో పెడుతుంది. ఇంకొకరు రాసినది అందులో రెండుసార్లు వచ్చినవాటిని తీసేస్తుంది. వాళ్లిద్దరికీ నా అవసరమేమిటో తెలియనే తెలియదు.

ఫోన్లు వచ్చాక ఈ ఏర్పాటు తలకిందులైంది. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు, వాడేవాళ్లకి అందులో ఫైలు అనేదే కనిపించేది కాదు. ఏ యాప్ సరుకు ఆ యాప్ లోపలే. ఆపిల్ 'ఫైల్స్' అనే యాప్ ఇచ్చింది 2017లో, అంటే పదేళ్ల తర్వాత. ఇందులో మంచి కూడా ఉందని ఒప్పుకోవాలి. ఒక యాప్ ఇంకో యాప్ సామాన్లు తడమకుండా గోడ కట్టడం భద్రతకి చాలా మేలు చేసింది. కంప్యూటర్లలో వైరస్‌లు అంతగా చెలరేగడానికి అలాంటి గోడ లేకపోవడం పెద్ద కారణం. గోడ ఉండాల్సిందే. ఇంటి యజమానికి కూడా తలుపు పెట్టకుండా కట్టడమే నా అభ్యంతరం.

ఈమధ్య కంప్యూటర్ నేర్చుకునే పిల్లలకి ఫోల్డర్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది. ప్రోగ్రామింగ్ చకచకా పట్టుకుంటారు. ఆ ఫైలు ఎక్కడ సేవ్ చేశావంటే మాత్రం ఏదో యాప్ పేరు చెప్తారు. వాళ్లని అని లాభం లేదు, వాళ్ల చేతికిచ్చిన పరికరాలన్నీ ఆ ప్రశ్నే రాకుండా తయారైనవి. పెద్దవాళ్ల సంగతీ అంతే. ఫలానా ఫోటో ఎక్కడుంది అంటే "వాట్సాప్‌లో ఉంది" అంటారు. మామూలుగా ఫోటో పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు ఫైలులోంచి తీసేస్తుంది. చోటు తీసేయడం బయటివాళ్లకి పంపేటప్పుడు మంచిదే. ఇంట్లోవాళ్ల మధ్య తిరిగే ఫోటోకి మాత్రం, అసలు తీసిన ఫోన్ పోయాక, ఆ కుదించిన కాపీయే ఏకైక కాపీ అయిపోతుంది. కొన్నేళ్లకి అది ఏ సంవత్సరం తీసిందో కూడా ఎవరికీ గుర్తుండదు. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. నేను దగ్గరనుంచి చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. హార్డ్‌డిస్క్ పాడై పోయినవి అంతకంటే తక్కువ.

కంపెనీల వైపు నుంచి వచ్చే నష్టం వేరే స్థాయిలో ఉంటుంది. యాహూ 1999లో జియోసిటీస్‌ని కొని, 2009లో మూసేసింది. మామూలు మనుషులు మొట్టమొదటిసారి వెబ్‌లో తమకోసం కట్టుకున్న పేజీలు అవి. తమ పిల్లల గురించి, తమకి నచ్చిన పాటల గురించి, తమ కుక్కల గురించి రాసుకున్నారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం హడావుడిగా కాపీ చేసి దాచింది కాబట్టి అందులో చాలా భాగం మిగిలింది. మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్ అయితే మూతపడను కూడా లేదు. 2003 నుంచి 2015 వరకు జనం అందులో ఎక్కించిన పాటలు, ఫోటోలు, వీడియోలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ తన ఈబుక్స్ అమ్మకం ఆపేసినప్పుడు, అప్పటికే కొన్నవాళ్ల దగ్గరున్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు తిరిగిచ్చారు, అది మర్యాదే. పుస్తకాల్లో సొంతంగా నోట్సు రాసుకున్నవాళ్లకి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. ఆ నోట్సు మాత్రం పోయాయి. ఒక మనిషి చదువుతూ చదువుతూ పక్కన రాసుకున్న మాటలకి అలా ఖరీదు కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గూగుల్ రీడర్ సంగతి ఇంకోలా జరిగింది. మనకి నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చే రాతల్ని ఒకేచోట చదువుకోనిచ్చే ఈ సేవ 2005లో మొదలై 2013 జులై 1న ఆగిపోయింది. నాకు చాలా కోపమొచ్చింది, చాలామందికి వచ్చింది. అయినా నష్టం తక్కువ. నేను చదివే సైట్ల జాబితా ఓపీఎంఎల్ అనే మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికొచ్చింది. అప్పుడున్న వేరే రీడర్లన్నీ ఆ ఫైలుని తీసుకున్నాయి. ఇప్పటికీ అదే జాబితా, కొన్ని సైట్లు చేరి కొన్ని పోయి, నా దగ్గర నడుస్తోంది. మధ్యలో ప్రోగ్రామ్‌లు చాలా మారాయి, జాబితాని మళ్లీ మొదటినుంచి కూర్చుకోవాల్సిన పని పడలేదు. గూగుల్ లోపలే 2007లో కొందరు ఇంజనీర్లు డేటా లిబరేషన్ ఫ్రంట్ అని పేరు పెట్టుకుని, ఏ సేవలోంచైనా జనం తమ సరుకు తీసుకుపోగలగాలని పనిచేశారు. గూగుల్‌లో ఉన్న మన సరుకుని దించుకోవడానికి 2011లో వచ్చిన టేకౌట్ వాళ్ల కష్టమే. పెద్ద కంపెనీ అనగానే అందరినీ ఒకే గాటన కట్టేయడం నాకిష్టం లేనిది ఇందుకే. తలుపు పెట్టాలని లోపల పోట్లాడేవాళ్లు ఉంటారు, వాళ్లని గుర్తుపెట్టుకోవాలి.

కాలం విషయానికొస్తే నేను తరచూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండ్‌ది. 1086లో అక్కడి రాజు మొదటి విలియం దేశంలోని భూముల లెక్క రాయించాడు. తోలు మీద సిరాతో రాసిన ఆ డూమ్స్‌డే పుస్తకం ఇప్పటికీ ఉంది, లాటిన్ వచ్చినవాళ్లు చదవొచ్చు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ ఆధ్వర్యంలో కొత్త తరహా సర్వే వచ్చింది. పది లక్షలమందికి పైగా జనం, వాళ్లలో ఎంతోమంది బడిపిల్లలు, తమ ఊళ్ల గురించి రాశారు, ఫోటోలు తీసి పంపారు. అదంతా ప్రత్యేకమైన లేజర్ డిస్కుల మీదకి ఎక్కించారు. చూడాలంటే అప్పటి బీబీసీ కంప్యూటరు, దానికి సరిపడే ఫిలిప్స్ ప్లేయరు కావాలి. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ ప్లేయర్లు దొరకడమే గగనమైంది. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ రాసి ఆ సమాచారాన్ని మళ్లీ తెరిచి చూపించారు. డిస్కుల మీద బైట్లు ఉన్నాయి. వాటిని చదివే యంత్రమూ, వాటి అమరిక తెలిసిన ప్రోగ్రామూ కరువయ్యాయి.

అంత దూరం వెళ్లనక్కర్లేదు, తెలుగులోనే మనకి ఇంతకంటే దగ్గరి అనుభవం ఉంది. అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక అంకె కేటాయించే యూనికోడ్ వాడకంలోకి రాకముందు కంప్యూటర్లో తెలుగు అంటే, రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లే. మనం "క" కొడితే కంప్యూటర్ దృష్టిలో అక్కడ పడేది ఏదో ఒక రోమన్ అక్షరమో, గుర్తో. తలకట్టు ఒక బొమ్మ, వత్తు ఇంకో బొమ్మ, కొమ్ము మరోటి. ఆ ఫాంట్ వేసి చూస్తే పేజీ ముత్యాల్లా ఉంటుంది. ఫాంట్ తీసేస్తే అర్థంలేని గుర్తుల వరస. అను ఫాంట్లలో డీటీపీ చేసిన పుస్తకాలు, పత్రికలు లెక్కలేనన్ని. దినపత్రికల వెబ్‌సైట్లు కూడా చాలాకాలం ఎవరి ఫాంట్ వాళ్లదిగా నడిచాయి. ఒకరి అమరిక ఇంకొకరికి పొసగదు. ఆ పేజీల్లో ఒక మాట వెతకలేం, ఒక పేరా కాపీ చేసి ఇంకోచోట పెట్టుకోలేం. అలాంటి ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కంటికి తెలుగులా కనిపిస్తాయి, కాపీ చేసి చూడండి, ఏం వస్తుందో తెలుస్తుంది.

ఇరవై ఏళ్ల కిందటి పుస్తకం సాఫ్ట్‌కాపీ నా దగ్గరుందని రచయితలు సంతోషంగా పంపిస్తుంటారు. తెరిస్తే ఆ గుర్తుల వరసే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, వాటిని ఓపికగా రాసినవాళ్లకి దండం పెట్టాలి. అయినా చూపుకి సరిపోయేలా పేర్చిన ముక్కల్లోంచి భాషని తిరిగి రాబట్టడం తేలిక కాదు. ఏ వత్తు ఏ అక్షరానిదో, ఏ సున్నా ఎక్కడ కలవాలో తేలనిచోట తప్పులు దొర్లుతాయి. పుస్తకం మొత్తం మళ్లీ ప్రూఫ్ చూడాలి. కొన్నిసార్లు అచ్చుపుస్తకాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మలోంచి అక్షరాల్ని ప్రోగ్రామ్‌తో గుర్తింపజేయడమే (ఓసీఆర్) నయమనిపిస్తుంది. అంటే టైపు చేసినవాళ్ల శ్రమ ఫైలు రూపంలో ఉండి కూడా లేనట్టే.

అదే కాలంలో ఇంకో దారి కూడా నడిచింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు తెలుగుని రోమన్ అక్షరాల్లో కచ్చితమైన నియమాలతో రాసే ఆర్‌టీఎస్ అనే పద్ధతి పెట్టారు. చూడటానికి అందంగా ఉండదు. అలవాటు లేనివాళ్లకి చదవడం కష్టం. కానీ ఆ ఫైలు ఒట్టి ఆస్కీ టెక్స్ట్, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే మామూలు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఏ అక్షరం ఏ ధ్వనికో అందరికీ తెలుసు. న్యూస్‌గ్రూపులనే అప్పటి ఇంటర్నెట్ చర్చావేదికల్లో ఆ పద్ధతిలో రాసుకున్న పద్యాలు, వాదనలు ఇప్పుడు చిన్న ప్రోగ్రామ్ నడిపితే చక్కటి తెలుగులోకి వచ్చేస్తాయి. నియమం అందరికీ తెలిసి ఉండటం, రూపం సాదాగా ఉండటం అనే రెండు గుణాలు ఆ ఫైళ్లని కాపాడాయి. ఇంతకీ 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి ఆ అంకెల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి తయారుచేశారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు యూనికోడ్ తెలుగు చూపించే గౌతమి ఫాంట్ వచ్చింది. ఈ వాక్యాన్ని మీరు కాపీ చేసి ఎక్కడ పెట్టినా తెలుగుగానే ఉంటుందంటే కారణం ఆ ఒప్పందాలే. ఏ గుర్తుకి ఏ అంకె అని కమిటీల్లో కూర్చుని వాదించుకున్నవాళ్లకి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

అమరిక లోకానికి తెలిసి ఉండాలంటే అన్నీ ఒట్టి టెక్స్ట్‌గానే ఉండాలని కాదు. ఓపెన్ డాక్యుమెంట్ అనే ఫైలు అమరిక 2006లో ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది, పీడీఎఫ్ 2008లో అయింది. వర్డ్ 2007 నుంచి వాడుతున్న డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల ఎక్స్‌ఎంఎల్ అనే ఒక రకం టెక్స్ట్ ఫైళ్లు, బొమ్మలు విడివిడిగా ఉంటాయి. ఒక పెద్ద డాక్యుమెంట్ తెరుచుకోవడం లేదని టెన్షన్ పడుతున్నవాళ్లకి ఇలా తెరిచి బొమ్మలన్నీ బయటికి తీసి ఇచ్చినప్పుడు వాళ్ల మొహాలు వెలగడం చూశాను. లోపల ఏముందో ఒకసారి కళ్లారా చూస్తే కంప్యూటర్ అంటే ఉన్న సగం భయం పోతుంది. కంప్యూటర్ క్లాసుల్లో మెనూలు బట్టీ పట్టించే బదులు ఇది చూపించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక ఎదుటి వాదన. క్లౌడ్ ఉండగా ఈ బాధంతా ఎందుకు, ఫోన్ నీళ్లలో పడినా ఫోటోలు ఉంటున్నాయి కదా అంటారు. నిజమే. క్లౌడ్ వల్ల మిగిలిన ఫోటోలు పాత పద్ధతిలో మిగిలేవి కావు. సొంత హార్డ్‌డిస్క్ మీద బ్యాకప్ తీసుకోమంటే తీసుకునేవాళ్లు తక్కువ, ఆటోమేటిక్‌గా జరిగేదే జరుగుతుంది. నేను కూడా క్లౌడ్ వాడతాను. ఒక కాపీగా వాడతాను, ఏకైక కాపీగా కాదు. మనుషులు ఎక్కువగా పొరపడేది సింక్ దగ్గర. సింక్‌ని బ్యాకప్ అనుకుంటారు. సింక్ పని రెండుచోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది, దాని ధర్మమే అది. బ్యాకప్ అంటే ఇక్కడ ఏం జరిగినా కదలకుండా కూర్చునే ఇంకో కాపీ.

బ్యాకప్ ఉన్నంతమాత్రాన కూడా చాలదు, దాన్ని తిరిగి తెరిచి చూడాలి. 2017 జనవరిలో, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సేవలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ని తుడిచేశాడు. అప్పుడు చూసుకుంటే వాళ్లు పెట్టుకున్న బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. ఆరు గంటల ముందు అనుకోకుండా తీసిన కాపీ ఒకటి ఉండటంతో బయటపడ్డారు. జరిగినదంతా దాచకుండా ఎప్పటికప్పుడు లోకానికి చెప్పారు, అందుకు వాళ్లంటే గౌరవం. అంతటి నిపుణులకే అలా జరిగితే, ఇంట్లో అల్మరాలో పెట్టిన డిస్క్ పనిచేస్తుందన్న నమ్మకం ఎంతవరకు?

ఇక్కడ కంప్యూటర్ లోకపు సంస్కృతి గురించి ఒక మాట అనాలి. ఆర్నెల్లుగా అప్‌డేట్ రాని ప్రోగ్రామ్ కనిపిస్తే "ఇది చచ్చిపోయింది" అంటారు మా వాళ్లు. భద్రత లోపాలు సరిచేయడానికి వచ్చే అప్‌డేట్‌లు వెంటనే వేసుకోవాల్సిందే, అందులో వాదన లేదు. నా గొడవ బటన్లు జరిపే అప్‌డేట్‌లతో, నిన్నటిదాకా ఉన్న వెసులుబాటుని తీసేసి కొత్త వెర్షన్ అని పేరు పెట్టే అప్‌డేట్‌లతో. ఇంట్లో పెద్దవాళ్లు ఎంతో కష్టపడి నేర్చుకున్న దారి ఒక్కరాత్రిలో మారిపోతే, వాళ్లు తమకే చేతకావడం లేదనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. వాళ్ల ఆ సంకోచానికి బాధ్యత మా వృత్తిలోవాళ్లదే.

పూర్తయిన సాఫ్ట్‌వేర్ అనేది ఉంటుందని చూపించినవాళ్లు ఉన్నారు. డొనాల్డ్ నూత్ 1977లో మొదలుపెట్టిన టెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రామ్‌కి ఇక కొత్త హంగులు చేర్చనని 1990లోనే చెప్పేశాడు. అప్పట్నుంచీ తప్పులు దిద్దడమే. వెర్షన్ నంబరు ప్రతిసారీ గణితంలోని పై (π) విలువకి ఒక అంకె దగ్గరవుతుంది. 2021లో అది 3.141592653కి చేరింది. ఆ కాలంలో రాసిన డాక్యుమెంట్ ఇప్పటి కంప్యూటర్లో కూడా అదే రూపంలో అచ్చవ్వాలన్నది ఆయన పట్టుదల. ఎస్‌క్యూఎల్‌లైట్ ఇంకో ఉదాహరణ. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్ మీ ఫోన్లో ఇప్పుడు కూడా పనిచేస్తోంది. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా సరే. 2004లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి దాని ఫైలు అమరిక కొత్త ప్రోగ్రామ్ పాత ఫైలుని చదవగలిగేలాగే ఉంటూ వచ్చింది. 2050 దాకా నిలబెడతామని వాళ్లు బహిరంగంగా మాటిచ్చారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటా దాచడానికి సిఫారసు చేసే అమరికల్లో అదీ ఉంది. ఒక ప్రోగ్రామ్ గురించి నాకు ఇంతకంటే ఆకర్షణీయమైన ప్రకటన ఇంకేదీ కనపడలేదు.

నెలనెలా చందా కట్టే పద్ధతి మీద నాకు ద్వేషం లేదు. సర్వర్లు నడపాలంటే డబ్బు కావాలి, రాసేవాళ్లు బతకాలి. చందా ఆపేసిన రోజు కొత్త పని చేయలేకపోవడం న్యాయమే. పాత పని తెరుచుకోకపోవడం అన్యాయం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కొనేముందు చూసుకోవాలి.

చాలామంది ఆలోచించడానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. మనం పోయాక ఇవన్నీ ఎవరికి, ఎలా అందుతాయి? అట్టపెట్టెలో ఫోటోలుంటే పిల్లలు తీసి చూసుకుంటారు. లాగిన్ వెనక ఉన్నవాటిని చేరుకోవాలంటే పాస్‌వర్డ్ కావాలి, ఆ పాస్‌వర్డ్‌కి ఓటీపీ వచ్చే ఫోన్ కావాలి, ఆ ఫోన్ తెరవడానికి వేలిముద్ర కావాలి. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాల్ని తీసేయొచ్చని గూగుల్ 2023లో నియమం పెట్టింది. అదే గూగుల్ 2013 నుంచీ, ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి అప్పగించాలో ముందే చెప్పుకునే ఏర్పాటు కూడా ఇచ్చింది. ఆపిల్ 2021లో, మనం పోయాక మన ఖాతా ఎవరికి అందాలో చెప్పుకునే వారసుల కాంటాక్ట్ పెట్టింది. అవి ఉన్నాయని తెలిసినవాళ్లు నాకు కనపడటం అరుదు. ఈ వ్యాసం చదివినవాళ్లలో ఒక్కరైనా ఇవాళ ఆ సెట్టింగులు తెరిచి, నమ్మకమైనవాళ్ల పేరు పెట్టుకుంటే నాకు సంతోషం. దుఃఖంలో ఉన్న మనిషి కస్టమర్ కేర్ ఫారాలు నింపుతూ కూర్చోవడం నేను చూశాను.

నా పద్ధతిలో ప్రత్యేకత పెద్దగా లేదు. రాసేవన్నీ టెక్స్ట్ ఫైళ్లలో రాస్తాను, కాస్త అలంకారం కావాల్సినచోట మార్క్‌డౌన్, అంటే టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు చూపించే పద్ధతి. ఫైలు పేరు తేదీతో మొదలవుతుంది, సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, దాంతో ఏ కంప్యూటర్లో చూసినా వరస కుదురుతుంది. ఫోటోలు జేపెగ్, లెక్కలు సీఎస్‌వీ, అంటే కామాలతో విడగొట్టిన సాదా టెక్స్ట్. కాపీలు మూడు, రెండు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇది. అప్పుడప్పుడు ఏదో ఒక పాత ఫైలుని బ్యాకప్‌లోంచి తీసి తెరుస్తాను. కొత్త యాప్‌లో చేరిన రోజే నాలుగు ముక్కలు రాసి ఎక్స్‌పోర్ట్ నొక్కి చూస్తాను. వచ్చిన ఫైలు చూస్తే ఆ యాప్ రాసినవాళ్లు నన్ను ఎలా చూస్తున్నారో తెలిసిపోతుంది. కొన్నిచోట్ల అంతా శుభ్రంగా వస్తుంది. కొన్నిచోట్ల ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంటుంది, వచ్చే ఫైలు ఎందుకూ పనికిరాదు. నేను వాడిన ఒక పెద్ద ఫోటో సేవ ఫోటోలని ఒకచోట, వాటి తేదీలని వేరే ఫైళ్లలో విడగొట్టి ఇచ్చింది. రెంటినీ మళ్లీ జతచేయడానికి నేను ప్రోగ్రామ్ రాసుకున్నాను. ప్రోగ్రామింగ్ రానివాళ్లు ఏం చేయాలి?

యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 20వ అధికరణం, మనిషి ఇచ్చిన సమాచారాన్ని యంత్రం చదవగలిగే వాడుక రూపంలో ఆ మనిషికి తిరిగివ్వాలని అంటుంది. చట్టం అక్షరాన్ని పాటిస్తూ పనికిరాని ఫైలు ఇవ్వడం సాధ్యమే, అదే చాలాచోట్ల జరుగుతోంది కూడా. అందుకే ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లతో నాకు పని. ఎక్స్‌పోర్ట్‌ని చివర్లో, ఎవరో అడిగితే చేర్చే ముక్కగా చూడకండి. మొదటి వెర్షన్‌లోనే పెట్టండి. బయటికి తీసిన ఫైలుని మీ ప్రోగ్రామే తిరిగి లోపలికి తీసుకోగలదేమో ప్రతి విడుదలకీ పరీక్షించండి. అమరిక ఏమిటో ఒక పేజీలో రాసి పెట్టండి. వెళ్లిపోవడం తేలికైతే జనం వెళ్లిపోతారన్న భయం మేనేజర్లకి ఉంటుంది. నా విషయంలో మాత్రం, వెళ్లడం తేలికైన చోటే ఏళ్ల తరబడి ఉండిపోయాను, డబ్బు కూడా అక్కడే ఇష్టంగా కడుతున్నాను.

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే డాక్యుమెంట్ మీద పనిచేయడం దగ్గర నా వాదన కొంత బలహీనపడుతుందని తెలుసు. ఫైలుని ఈమెయిల్లో పంపించుకుంటూ "చివరిది", "అసలు చివరిది" అని పేర్లు పెట్టుకున్న రోజులకి తిరిగి వెళ్లమని ఎవరినీ అడగను. అందరూ ఒకేసారి రాయగలగడం పెద్ద సౌకర్యం. దానికి సర్వరే యజమానిగా ఉండాలన్న రూలు మాత్రం లేదు. 2019లో ఇంక్ అండ్ స్విచ్ అనే పరిశోధన సంస్థలోనివాళ్లు 'లోకల్ ఫస్ట్' అని పిలిచిన పద్ధతిలో అసలు కాపీ ఎవరి పరికరంలో వాళ్లకి ఉంటుంది, నెట్ లేకపోయినా పని సాగుతుంది, కలిసినప్పుడు మార్పులు గొడవ లేకుండా కలిసిపోతాయి. ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రామ్‌ల్లో కలుపుకునే ఆటోమర్జ్, వైజేఎస్ లాంటి కోడ్ లైబ్రరీలు ఈ పని చేస్తున్నాయి. వాటితో కట్టిన ప్రోగ్రామ్‌లు ఇంకా తక్కువే, నేను వాడినవాటిలో కొన్ని మాత్రం చాలా బాగున్నాయి.

ఇంకా దారి దొరకనిది చాట్‌లకే. మనుషుల మధ్య నడిచే మాటల్లో ఎక్కువ భాగం ఇప్పుడు అక్కడే ఉన్నాయి. 2021 దాకా వాట్సాప్ చరిత్రని ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి తీసుకెళ్లడానికి అధికారికంగా దారే లేదు, అటునుంచి ఇటు దారి 2022లో వచ్చింది. ఒక సంభాషణని టెక్స్ట్‌గా బయటికి తీయొచ్చు, దాన్ని తిరిగి లోపలికి తీసుకోవడం కుదరదు. యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం పెద్ద మెసేజింగ్ సేవలు వేరే సేవలతో మాట్లాడగలగాలని అంటోంది. అది కొత్త మెసేజీల సంగతి. పాతవాటి కోసం నేను అడిగేది చాలా చిన్నది. ఒక సంభాషణకి ఒక ఫోల్డర్. అందులో ఎవరు ఎప్పుడు ఏమన్నారో వరసగా ఉన్న టెక్స్ట్ ఫైలు, పక్కనే ఫోటోలు, వాయిస్ మెసేజీలు వాటి తేదీలతో సహా. ఈ మాత్రం రాయడానికి ఆ కంపెనీల్లో ఉన్న ఇంజనీర్లకి వారం పట్టదు. అక్కడ పనిచేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, తర్వాతి మీటింగులో ఈ మాట ఎత్తండి.